ముందొచ్చిన చెవులు

ఆ ఊళ్ళో పియానో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆయన్ని చెవులాయన అనేవారు. చెవులేమీ చేటలంత ఉండేవి కావు. మామూలు చెవులే, ఎడమదాని అంచున నాలుగు తెల్ల వెంట్రుకలు కూడా ఉండేవి. కాకపోతే ఆ చెవుల్లో పడని చప్పుడు లేదు. పక్కింటి ఫ్రిజ్ ఏ స్వరంలో మూలుగుతోందో చెప్పేవాడు. వానాకాలంలో తలుపు కీచుమనే శబ్దం మారిపోతుందని, మారింది కాబట్టి రేపు వాన ఖాయమని చెప్పేవాడు. భార్య వంటింట్లో గొణుక్కునే తిట్లు కూడా చక్కగా వినబడేవి గానీ, ఆ విద్య గురించి మాత్రం ఎక్కడా గొప్పలు పోయేవాడు కాదు.

ఆయన పని పియానోలకు శ్రుతి చేయడం. పియానో అంటే పైకి నున్నటి నల్లటి పెట్టె. మూత ఎత్తితే లోపల వందల తీగలు. ముందున్న తెల్ల, నల్ల మెట్లలో ఒక మెట్టు నొక్కితే ఉన్ని చుట్టిన చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. చాలా మెట్లకు మూడేసి తీగలుంటాయి, ఆ మూడూ ఒక్క గొంతుతో పలకాలి. అందులో ఒకటి వెంట్రుకవాసి దిగిందా, మోత నిలకడగా ఉండక ఊగుతుంది. ఆ ఊగును ఆపడమే పనంతా. తీగ చుట్టిన బిరడాకు రెంచి తగిలించి, ఒకచేత్తో మెట్టు కొడుతూ, ఇంకో చేత్తో రెంచిని తిప్పీ తిప్పనట్టు తిప్పుతూ, ఊగు నెమ్మదించి నెమ్మదించి నిలబడిపోయేదాకా వినాలి. చెప్పడానికి ఇంతే.

అసలు ఆ ఊగు వినబడటానికే చెవులాయనకు ఏడాది పట్టింది. నేర్పిన ముసలాయన మొట్టికాయలు వేసి మరీ వినిపించాడు. వినబడ్డాక మాత్రం విద్య పరుగెత్తుకుంటూ వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి ఎవరి ఇంటికైనా వెళ్ళి పని చేసి రాగలిగేవాడు. చాలామంది అక్కడ ఆగిపోతారు, ఆగి సుఖపడతారు. ఈయన ఆగలేదు. ఆ తరవాత పాతికేళ్ళపాటు నేర్చుకుంటూనే పోయాడు. రాగా రాగా ఏడాదికి ఒక వెంట్రుకంత వచ్చేది. ఆ వెంట్రుక కోసం ఆయన ఆదివారాలు పోయాయి, సరదాలు పోయాయి, మొదట్లో సగం పూటలో అయ్యే పని ఇప్పుడు పూటంతా పట్టేది. ఇంటివాళ్ళు వెనక నిలబడి ఆవులించేవారు. "బాగానే ఉంది కదండీ" అనేవారు. చెవులాయన దృష్టిలో అంతకంటే పెద్ద బూతు భాషలో లేదు.

ఇలాంటి మనిషి ఇంటికి బావమరిది వచ్చిపడ్డాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ముప్పై దాటినవాడు. ఎరువుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగం చేసేవాడు, కంపెనీ మూతపడింది. ఊరికే తిని కూర్చోవడం ఇష్టం లేదని వాడంటే, మీ బావ పనే నేర్చుకోరాదా అని అక్క అంది. చెవులాయన సరేనన్నాడు. ఎందుకన్నాడంటే, నెల తిరక్కుండా వాడే పారిపోతాడని. తీగ పక్కన తీగ కొడుతూ గదిలో ఒక్కడూ కూర్చోవడం ఎరువులమ్మినవాడి వల్ల అవుతుందా? పారిపోతే తన విద్య ఎంత కష్టమో భార్యకు కూడా తెలిసొస్తుంది.

మూడో వారంలో బావమరిది మెట్టు కొడుతూ తల పక్కకు వాల్చాడు. "బావా, ఇదేనా? ఏదో లోపల ఊపిరి తీసుకుంటున్నట్టుంది" అన్నాడు.

చెవులాయన కూడా చెవి ఒగ్గి విన్నాడు. అదే. తనకు ఏడాది, మొట్టికాయల తరవాత వినబడింది అదే. కాదని చెప్పడానికి నోరు రాలేదు. అవునని చెప్పడానికి అసలే రాలేదు. "ఊఁ" అని ఊరుకున్నాడు.

అక్కడి నుంచి మొదలైంది కడుపుమంట. అసూయ గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. అది పెద్ద పెద్ద విషయాలకు పుట్టదు. రాజుగారి ఏనుగును చూసి ఎవరూ ఏడవరు, పక్కవాడి గొడుగును చూసి ఏడుస్తారు. చెవులాయన కూడా బావమరిది మణికట్టును చూసి ఏడ్చాడు. రెంచి పట్టుకుంటే వాడి మణికట్టు ఎంత వదులుగా ఉండేదో, ఏ తొందరా లేనట్టు ఎలా తిరిగేదో చూసి, ఇంటికొచ్చి అద్దం ముందు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి బావమరిదిని ఒంటరిగా పంపక తప్పలేదు. వాడు వెళ్ళడం, నవ్వుతూ పలకరించడం, పని ముగించి రావడం, ఇచ్చిన కాఫీ చల్లారేలోపే అయిపోయేది. సంగీత పాఠశాల టీచరమ్మ ఫోన్ చేసి, ఈసారి ఆ రెండో ఆయన్ని పంపుతారా అని అడిగింది. పెద్దాయన వస్తే పిల్లల క్లాసులు రెండు ఎగిరిపోతున్నాయట. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఎవడో కాఫీ హోటల్లో అన్నాడు. చెవులాయనకు ఆ పేరుండటం, సామెతలో ఆ మాటే ఉండటం వాళ్ళకు పండగైపోయింది. ఎదురుపడితే చాలు, కొమ్ములు ఎలా ఉన్నాయండీ అని అడిగేవారు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూసినవాడెవడూ రెండోసారి అడక్కపోవాల్సింది, కానీ జనం అంత శ్రద్ధగా చూడరు.

పక్కతీగలు మోగకుండా మధ్యలో దోపే ఉన్నిపట్టీ సంగీత పాఠశాలలో మరిచిపోయానని వంక పెట్టుకుని, బావమరిది పని చేసి వచ్చిన మర్నాడే చెవులాయన అక్కడికి వెళ్ళాడు. ఎవరూ లేకుండా చూసి ఒక్కో మెట్టూ కొట్టి విన్నాడు. పై వరసలో నాలుగు చోట్ల తప్పు దొరికింది. ఆ రోజు ఇంటికి దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాడు. భార్య ఏమిటంత హుషారని అడిగితే, వాతావరణం బాగుందన్నాడు. తరవాతిసారి వెళ్తే ఒకే ఒక్క చోట దొరికింది. మూడోసారి తల పియానోలోకి దూర్చి మరీ విన్నాడు. ఏమీ దొరకలేదు. అంటే తప్పనడానికి ఏమీ దొరకలేదు. ఆ రోజు కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టి లేచిపోయాడు.

వాడు చెడ్డవాడైనా బాగుండేది. వాడికి ఆ ఉపకారం చేయడం కూడా చేతకాలేదు. బావంటే గౌరవం, అక్కంటే ప్రాణం, నోట్లో మాట మాత్రం నిలిచేది కాదు. ఓ రోజు భోజనాల దగ్గర, ఏదో మాటల్లో అనేశాడు.

"బావా, మా కంపెనీలో రైతులకి ఒకటే చెప్పేవాళ్ళం. మొదటి బస్తా వేస్తే పంట పొంగుతుంది. రెండోదానికి కాస్త పెరుగుతుంది. నాలుగోది వేస్తే పంటకి పట్టదు, కాలవలో కలిసిపోతుంది. ఏ విద్యయినా అంతేనేమో అనిపిస్తోంది. మొదట్లో వచ్చిందే అసలు పంట, ఆ తరవాతదంతా..."

అక్క కళ్ళెర్రజేసింది. వాడు నాలిక కరుచుకున్నాడు.

"ఆ తరవాతదంతా కాలవలోకే. చెప్పెయ్, మొహమాటం దేనికి" అన్నాడు చెవులాయన. "పాతికేళ్ళుగా బస్తాలు కాలవలో పోస్తున్నవాణ్ణి ఎదురుగానే ఉన్నాగా."

వాడు అది కాదు బావా అని ఏదేదో సర్దబోయాడు. చెవులాయనకు చెప్పాలనుంది. విద్య పొలం కాదురా, చీకటిగది. దీపం పెద్దదయ్యేకొద్దీ ఇంకా తుడవని మూలలు కనబడతాయి, మొదట్లో వచ్చిందే మొత్తమనుకునేవాడికి ఆ మూలలున్నాయనే తెలియదు. ఈ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ నాలుగు బస్తాల వాదానికి సాక్ష్యం ఎదురుగా కూర్చుని రెండోసారి వడ్డించుకుంటోంది. తన వాదానికి సాక్ష్యమేది? ఆయన ఒక్కడికే వినబడే తేడాలు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రాత్రి నిద్రలో పళ్ళు కొరికాడని భార్య మర్నాడు చెప్పింది.

అయితే ఇంత మంటలోనూ ఆయనకు ఒక చల్లని చోటుండేది. అది సభాభవనంలోని పెద్ద పియానో. ఊరి మొత్తానికి అలాంటిది ఒక్కటే. పెద్ద పెద్ద వాయిద్యకారులు వచ్చి దాని మీదే వాయించేవారు. అది ఎప్పుడూ చెవులాయన చేతి కిందే ఉండేది. దాని దుమ్ము తన చేతిరుమాలుతోనే తుడిచేవాడు. పెళ్ళానికి ఏనాడైనా జ్వరమొస్తే ఇంత శ్రద్ధగా నుదురు తుడిచారా అని భార్య దెప్పేది. ఇళ్ళలో పియానోలు బావమరిదివైపోయినా, పాఠశాల పోయినా, సభాభవనం తనది. అక్కడ మొదటి బస్తా చాలదు.

అలాంటప్పుడు భుజం పట్టేసింది. ఊళ్ళోని పెద్ద హోటల్లో ఓ పాత పియానోకు తుప్పు పట్టిన బిరడాతో పెనుగులాడి ఇల్లు చేరేసరికి చెయ్యి పైకి లేవలేదు. కొన్నాళ్ళపాటు రెంచి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ వారమే బయటి దేశం నుంచి పేరున్న వాయిద్యకారిణి ఒకావిడ కచేరీకి వస్తోంది. సభాభవనం మేనేజరు పరామర్శకని ఇంటికొచ్చి, పరామర్శ రెండు ముక్కల్లో ముగించి, అసలు మాటకొచ్చాడు.

"ఈసారికి మీ బావమరిదిగారు చేసేస్తారు. బాగా కుదిరితే ఇక ముందు కూడా ఆయనకే అప్పజెప్పేద్దామని కమిటీ అనుకుంటోంది. మీరు మాత్రం ఎన్నాళ్ళని కష్టపడతారు చెప్పండి."

కష్టం అనే మాట వాడాడు ఆ మహానుభావుడు. భార్య లోపల్నుంచి సంతోషంగా తొంగిచూసింది. తమ్ముడికి ఒక దారి దొరికిందని ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవులాయన ఆవిడ కళ్ళవైపు చూడలేక భుజం రుద్దుకున్నాడు.

కచేరీ రోజు పొద్దున్నే ఇద్దరూ సభాభవనానికి వెళ్ళారు. బావమరిది సంచీ మోశాడు, చెవులాయన చేతికట్టుతో వెనక నడిచాడు. ఖాళీ హాలు చల్లగా, గుహలా ఉంది. వేదిక మీద ఒక్క ట్యూబులైటు వెలుగుతోంది. మేనేజరు తాళాలు ఆడించుకుంటూ వచ్చాడు. కరెంటు తన ఒంట్లోంచి పోతున్నట్టు బాధపడే మనిషి.

"ఈసారి పెద్ద దీపాలు వేయమని గొడవ లేదు కదా? మీ బావగారికైతే చూపు ఆనదు. మీవి కుర్ర కళ్ళు" అన్నాడు బావమరిదితో.

బావమరిది చెవులాయనవైపు తిరిగాడు. "దీపాలు కావాలా బావా?"

ఇక్కడ కథ ఆపి ఒక్క సంగతి చెప్పాలి. చెవులాయన చూపుకు ఏ లోపమూ లేదు. ఎన్నో ఏళ్ళ కిందట, ఈ పనిలో ఆయనకు పద్నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు, ఇదే హాల్లో ఒక కచేరీ మధ్యలో వాయించే పెద్దమనిషి తలెత్తి, వెనక వరసలో ఉన్న ఈయనవైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకు చెవులాయన భూమిలోకి కుంగిపోయాడు. ఎందుకంటే పై స్థాయి తీగలు కిందికి దిగిపోవడం ఆయనకూ వినబడుతోంది. పొద్దున్న తనే నిక్కచ్చిగా పెట్టిన శ్రుతి అది. ఎలా దిగింది? నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. ఏదో ఒక వంకతో హాలుకు వచ్చి కూర్చుని వినేవాడు. చివరికి దొరికింది. వేదిక మీద పెద్ద దీపాలు వేస్తే వాటి వేడి తీగలకు తగులుతుంది. వేడికి ఉక్కుతీగ సాగుతుంది, సాగితే శ్రుతి దిగుతుంది, పైనున్న సన్నతీగలు ముందు దిగుతాయి. అందుకని ముందే దీపాలు వేసి, తీగలు కాగనిచ్చి, ఆ వేడిలోనే శ్రుతి చేయాలి. ఎవరూ చెప్పని విద్య. ముసలాయనకూ తెలియని విద్య. తన చెవులు తనకు సంపాదించిపెట్టిన ఆస్తి. అది ఎవరికీ దక్కకూడదని, దీపాలెందుకని అడిగినవాళ్ళకు చూపు ఆనడం లేదని చెప్పుకుంటూ వచ్చాడు.

ఇప్పుడు బావమరిది అడుగుతున్నాడు. ఒక్క మాట. అవును అంటే చాలు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా" అన్నాడు చెవులాయన.

అబద్ధం కూడా కాదది. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. మేనేజరు హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయాడు. బావమరిది మూత ఎత్తి, ఉన్నిపట్టీ తీగల మధ్య దోపి, పని మొదలుపెట్టాడు. చెవులాయన ముందు వరసలో కూర్చుని చూశాడు. బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. ఆ సామెత కట్టినవాళ్ళు ఏ బావను చూసి కట్టారో గానీ, ఈయన్ని చూసి మాత్రం కాదు. ఆయనకు లోపల పండగ జరుగుతోంది. సాయంత్రానికి నీ నాలుగో బస్తా ఏమిటో నీకే తెలుస్తుంది అనుకున్నాడు. ఆ వెంటనే సిగ్గేసింది. సిగ్గేసినా నోరు తెరవలేదు.

వాడు మాత్రం అద్భుతంగా చేశాడు. ఆ నిజం చెప్పకపోతే పాపం. ట్యూబులైటు వెలుగులో, ఆ చలిలో, ఒక్కో తీగా వాడి చెయ్యి కింద నిలబడిపోయింది. మధ్యలో తల తిప్పి, ఇంకేమైనా చూడాలా బావా అని రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదు, బాగానే ఉంది అన్నాడు చెవులాయన. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆయన గమనించలేదు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. చెవులాయన, భార్య వెనక వరసలో కూర్చున్నారు. ఆవిడ కొత్తచీర కట్టుకుంది. బావమరిది పక్కద్వారం దగ్గర నిలబడ్డాడు. దీపాలు వెలిగాయి. వాయిద్యకారిణి వచ్చి నమస్కరించి కూర్చుంది.

మొదటి భాగం సగంలో తీగలు దిగడం మొదలైంది. చెవులాయనకు ముందే తెలుసు ఎక్కడ మొదలవుతుందో. పై చివర సన్నతీగ ఒకటి వెంట్రుకవాసి వంగింది. తరవాత దాని పక్కది. కింది స్థాయి ఉన్నచోట ఉంది, పై స్థాయి దిగుతోంది, రెండూ కలిసి మోగినప్పుడల్లా ఊగు. ఇదిగో ఇప్పుడు ఆవిడ తలెత్తుతుంది, ఇదిగో ఇప్పుడు జనం మొహాలు చిట్లిస్తారు అని ఎదురుచూశాడు.

ఎవరూ చిట్లించలేదు. ముందు వరసలో ఒకాయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. సంగీత పాఠశాల టీచరమ్మ రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుంది. మేనేజరు గోడకు ఆనుకుని, ఎవరో తనను పొగుడుతున్నట్టు నవ్వుతున్నాడు. భార్య ఏడుస్తోంది, తమ్ముడివైపు చూస్తూ ఏడుస్తోంది. వాయించే ఆవిడ తలెత్తలేదు. చివర్లో లేచి, చప్పట్లు ఆగకపోతే మళ్ళీ కూర్చుని మరొకటి వాయించింది. లోపలికి వెళ్తూ బావమరిది చేతులు పట్టుకుని ఊపి, పియానో ఎంతో బాగుందని చెప్పింది.

చెవులాయన కుర్చీలోంచి లేవలేకపోయాడు. వాడి పరువు పోతుందని కూర్చున్నాడు, పోయింది తనది. పద్నాలుగేళ్ళకు సంపాదించిన ఆస్తి, పెళ్ళానికి కూడా చెప్పకుండా దాచుకున్న ఆస్తి, నిండు సభలో బయటపెడితే ఒక్కడికీ కనబడలేదు. అసలు ఆ పెద్దమనిషి ఆనాడు చూసింది తననేనా? వెనక గోడకు గడియారం ఉండేది. టైమెంతయిందో చూసుకున్నాడేమో. కాలవలోకి పోయిన బస్తాలన్నీ కళ్ళముందు తేలాయి.

జనం వెళ్ళిపోయారు. తమ్ముణ్ణి వెతకమని భార్య చెవులాయన్ని పంపింది. వాడు అభినందనలు చెప్పేవాళ్ళ మధ్య లేడు. వేదిక మీద, ఇంకా వెలుగుతున్న దీపాల కింద, పియానో ముందు ఒక్కడూ నిలబడి పై చివర మెట్లు మెల్లగా కొడుతున్నాడు.

"పైన దిగింది బావా" అన్నాడు, తలెత్తకుండానే. "సగంలోనే మొదలైంది. మీకు వినబడలేదా?"

చెవులాయన వేదిక ఎక్కే మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"పొద్దున్న సరిగ్గానే పెట్టాను. మీరూ ఉన్నారుగా. అందరూ బాగుందంటున్నారు. అంటే నా చెవే చెడిందా? లేకపోతే పెట్టడమే చేతకాలేదా?" వాడు మెట్టు మీంచి వేలు తీసేశాడు. "ఈ హాలు నా వల్ల కాదు బావా. మీరే చూసుకోండి. మేనేజరుకి కూడా చెప్పేస్తాను."

అంతా పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు వచ్చేసింది. ఏమీ దిగలేదురా, నీ భ్రమ అంటే చాలు. చెవిమీద నమ్మకం పోయినవాడు ఈ పనిలో మళ్ళీ లేవడు, ఆ సంగతి చెవులాయనకు బాగా తెలుసు. హాలు తనది, విద్య తనది, సామెతలోని కొమ్ములు విరిగిపోయినట్టే. నోరు తెరిచాడు కూడా.

కానీ ఇంత పెద్ద హాల్లో, ఇంతమంది జనంలో, తను విన్నది విన్న మనిషి వీడొక్కడే. పాతికేళ్ళుగా ఆయనకు అలాంటి మనిషి దొరకలేదు. భార్యకు చెబితే అవునా అనేది. ముసలాయన పోయాక, ఇదిగో ఇక్కడ విను అంటే తల వాల్చినవాడు లేడు. ఈ ఒక్క చెవిని కూడా తన చేత్తోనే మూసేస్తే, ఇక తను విన్నది ఉందనడానికి తను తప్ప ఎవరున్నారు?

"దిగింది" అన్నాడు చెవులాయన. "నీ చెవి బంగారం. దిగింది. దీపాల వేడికి తీగ సాగుతుంది. వేడిలోనే శ్రుతి చేయాలి. నాకు పొద్దున్నే తెలుసు."

బావమరిది ఉన్నిపట్టీని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"మీ కళ్ళ కోసం కాదన్నమాట" అన్నాడు చివరికి.

"కాదు."

"చెప్పి ఉంటే బాగుండేది బావా."

"బాగుండేది."

వాడు సంచీ మూతి బిగించాడు. "అక్కతో మాత్రం అనకండి" అన్నాడు. ఆ మాటకు చెవులాయన తలెత్తలేకపోయాడు. తిట్టినా ఇంత తగిలేది కాదు. కాసేపటికి వాడే మళ్ళీ అడిగాడు, ఇది మీకు ఎన్నో ఏట తెలిసిందని. పద్నాలుగో ఏటని చెప్పాడు చెవులాయన. తనకు రెండో ఏటే తెలిసిపోయింది కదా అని వాడు పైకి అనలేదు, కానీ ఆ లెక్క ఇద్దరి మధ్యా నిలబడే ఉంది. చెవులాయన పన్నెండేళ్ళు ఒక్క ఊపిరిలో దానమిచ్చేశాడు, పైగా క్షమాపణగా ఇచ్చాడు, దానమన్న పేరు కూడా రాదు.

మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. వెనకే భార్య కూడా. కమిటీవాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారని, ఇక మాట ఖాయం చేసేద్దామా అని మేనేజరు అడిగాడు. బావమరిది నోరు విప్పేలోపు చెవులాయనే అందుకున్నాడు.

"వాడికే ఇవ్వండి. కాకపోతే పనికి గంట ముందు పెద్ద దీపాలు వెయ్యాలి. కళ్ళ కోసం కాదు, తీగల కోసం. కరెంటని ఏడిస్తే కుదరదు."

మేనేజరు మొహం మాడింది. ఇప్పుడైనా ఆర్పేయచ్చా అని దిగులుగా అడిగాడు. ఆర్పేయమన్నాడు చెవులాయన. దీపాలు ఆరిపోయాయి. ట్యూబులైటు ఒక్కటే మిగిలింది. వేడి తగ్గడం మొహానికి తెలుస్తోంది.

"ఇప్పుడు తీగలు చల్లారతాయి. చల్లారితే బిగుస్తాయి. నువ్వు పొద్దున్న పెట్టినచోటికి అదే ఎక్కుతుంది. విను" అన్నాడు బావమరిదితో.

వాడు పై చివర మెట్టొకటి, జానెడు దూరంలో దానికంటే కింది మెట్టొకటి ఒకే చేత్తో కలిపి కొట్టాడు. ఊగు స్పష్టంగా ఉంది. ఆగి మళ్ళీ కొట్టాడు. ఊగు నిలబడిపోయినప్పుడు వేలెత్తాలని అనుకున్నారు, చిన్నపిల్లల్లా. ఇద్దరూ చెరోవైపు నుంచి పియానోలోకి తలలు వంచారు. మేనేజరు తాళాలు ఆడించబోతే చెవులాయన కళ్ళతోనే ఆపాడు. ఏం వింటున్నారని భార్య అడిగింది. ఆవిడకు ఒకే మోత వినబడుతోంది, మళ్ళీ మళ్ళీ అదే.

ఊగు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. బావమరిది వేలు లేచింది.

చెవులాయనకు ఇంకా ఊగుతూనే ఉంది. లేక ఊగుతోందని అనిపిస్తోందా? పై స్థాయి వయసుతోపాటు ముందు పోతుందని ముసలాయన ఎప్పుడో అన్నాడు. ఆనాడు నవ్వి ఊరుకున్నాడు. ఎదురుగా వాడి వేలు నిటారుగా నిలబడి ఉంది. వేలెత్తేస్తే ఎవరికీ తెలియదు. కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడమచెయ్యి పియానో అంచును పట్టుకుంది. ఎత్తలేదు.

"మళ్ళీ కొట్టు" అన్నాడు.

బావమరిది వేలు దించకుండా రెండో చేత్తో మళ్ళీ కొట్టాడు. తొందరపెట్టకుండా, ఆగి ఆగి కొడుతూనే ఉన్నాడు. చెవులాయన కళ్ళు మూసుకుని, ఊగు నిలబడటం తన చెవులతో తను విన్నాకే వేలెత్తాడు.